సారమేయం – సమాజ బాధ్యత

ఉద్దేశం: వీధికుక్కల సమస్యను మానవుల ప్రాణరక్షణ, మూగజీవుల పట్ల దయ అనే రెండు వైపుల నుండి విద్యార్థులు పరిశీలించేటట్లు చేయడం; స్వచ్ఛంద సేవ ఫలించాలంటే దయకు తోడు శాస్త్రజ్ఞానం, ఓర్పు, ఎడతెగని కృషి ఎంత అవసరమో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మహాభారత కథ కుక్కతో మొదలై కుక్కతో ముగుస్తుందని చమత్కారంగా చెప్పవచ్చు. నన్నయ ఆదిపర్వం ప్రథమాశ్వాసంలోనే సరమ అనే దేవశుని వృత్తాంతం వస్తుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సరమ కుమారుడైన సారమేయుడు ఆడుకుంటూ వచ్చాడు. ఏ తప్పూ చేయని ఆ కుక్కపిల్లను రాజు తమ్ముళ్ళు కొట్టి తరిమారు. సరమ రాజు వద్దకు వచ్చి, యుక్తాయుక్త విచారణ లేకుండా దుర్బలులకు కీడు చేసేవారికి ఎదురుచూడని ఆపదలు కలుగుతాయని హెచ్చరించి వెళ్ళింది. ఇక మహాప్రస్థానంలో తమ్ములూ ద్రౌపదీ ఒక్కరొక్కరుగా నేలకొరిగిన తరువాత కూడా ధర్మరాజు వెంట కడదాకా నడిచినది ఒక శునకమే. దానిని విడిచిపెట్టి స్వర్గానికి రానని ధర్మరాజు నిశ్చయించుకొన్నాడు.

మన ప్రాచీన వాఙ్మయంలో దీనికి రెండవ పార్శ్వం కూడా ఉంది. సుశ్రుత సంహిత కల్పస్థానంలో పిచ్చికుక్క లక్షణాలు, అది కరిచినవారికి కలిగే బాధలు వివరంగా ఉన్నాయి. నీటిని చూసి, నీటి చప్పుడు విని రోగి భయపడటం మొదలైతే ఆ రోగం అసాధ్యమని ఆ గ్రంథం చెప్పింది. నేడు రేబిస్ అని పిలిచే వ్యాధి ఇదే. కుక్క మనిషికి అనాదిగా మిత్రమే అయినా, ఆ మిత్రుని కోర నుండి మృత్యువు కూడా వచ్చే అవకాశం ఉందని మన పూర్వులు గ్రహించారు. వీధికుక్కల సమస్యను ఆలోచించేవారు ఈ రెండు పార్శ్వాలలో ఏ ఒక్కదానిని విస్మరించినా పరిష్కారం దొరకదు.

ఈ సమస్య తీవ్రత లెక్కలలో స్పష్టంగా కనిపిస్తుంది. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం మన దేశంలో వీధికుక్కల సంఖ్య సుమారు 1 కోటి 53 లక్షలు. 2024వ సంవత్సరంలో దేశవ్యాప్తంగా 37 లక్షలకు పైగా కుక్కకాటు కేసులు నమోదయ్యాయని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలియజేసింది. మనుషులకు రేబిస్ సోకిన సందర్భాలలో నూటికి 99 వంతులు కుక్కల వల్లనే సంభవిస్తున్నాయని, బాధితులలో సుమారు 40 శాతం మంది 15 ఏళ్ళలోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2023 ఫిబ్రవరి 19న హైదరాబాదులోని అంబర్‌పేటలో, కాపలాదారుగా పనిచేసే తండ్రి వెంట వచ్చిన నాలుగేళ్ళ బాలుడు వీధికుక్కల దాడిలో మరణించాడు. ఆ దుర్ఘటన రాష్ట్రమంతటినీ కలచివేసింది. కారులో తిరిగేవారికి, ప్రహరీ గోడల మధ్య నివసించేవారికి ఈ భయం అంతగా తెలియదు. తెల్లవారుజామున పనికి వెళ్ళే పారిశుద్ధ్య కార్మికులకు, నడిచి బడికి వెళ్ళే పిల్లలకు, ఆరుబయట నిద్రించే నిరుపేదలకు అది నిత్యానుభవం.

ఇది నగరాలకే పరిమితమైన సమస్య కాదు. రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలోని జన్వాడ గ్రామాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతాలకు చేరువలో ఉన్న ఈ గ్రామం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరిరక్షణ కోసం 1996లో వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు పేర్కొన్న 84 గ్రామాలలో ఒకటి. ఒకప్పుడు పొలాలు, పశువులు మాత్రమే ఉన్న ఇటువంటి పల్లెల చుట్టూ నగరం విస్తరించే కొద్దీ తోట ఇళ్ళు, విందుశాలలు, కొత్త కాలనీలు వెలుస్తాయి. వాటితోపాటు మిగిలిపోయిన ఆహారం, మాంసపు వ్యర్థాలు రోడ్ల పక్కకు చేరతాయి. కాపలా కోసం తెచ్చుకొన్న కుక్కలను అవసరం తీరగానే వదిలివేసేవారూ ఉంటారు. తిండి ఉన్నచోట కుక్క నిలుస్తుంది; నిలిచినచోట సంతానాన్ని పెంచుతుంది. నగరపాలక సంస్థకు పొలిమేర ఉంటుంది గాని కుక్కకు పొలిమేర లేదు. కాబట్టి నగరం అంచున ఉన్న పల్లెలను విడిచిపెట్టి నగరంలో మాత్రమే చేపట్టే ఏ పథకమైనా చిల్లుకుండలో నీళ్ళు పోసినట్లే అవుతుంది.

కుక్కల సంఖ్య ఇంత త్వరగా పెరగడానికి కారణం వాటి జీవధర్మమే. ఆడకుక్క ఆరు నెలల నుండి ఏడాది లోపు ఈడుకు వస్తుంది. గర్భధారణ కాలం సుమారు 63 రోజులు. సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది. ఈతకు ఐదు పిల్లల చొప్పున లెక్కించినా ఒక్క తల్లికి ఏడాదిలో పది పిల్లలు కలుగుతాయి. వాటిలో చాలా భాగం ఆకలికో, జబ్బుకో, వాహనాల కిందపడో మరణిస్తాయి. అయినా బతికిన కొద్దిపాటి కూనలే మరుసటి ఏటికి మళ్ళీ తల్లులవుతాయి.

ఈ సంఖ్యను తగ్గించడానికి పూర్వం అందరికీ తోచిన ఉపాయం చంపడం. మద్రాసు నగరంలో పందొమ్మిదవ శతాబ్ది నుండే పురపాలక యంత్రాంగం వీధికుక్కలను పట్టి చంపుతూ వచ్చింది. దశాబ్దాల తరబడి ఈ పని సాగినా నగరంలో కుక్కలూ తగ్గలేదు, రేబిస్ మరణాలూ ఆగలేదు. దీనికి శాస్త్రజ్ఞులు చెప్పే కారణం సులభంగా బోధపడుతుంది. ప్రతి వీధిలోని కుక్కల గుంపు ఆ వీధిని తమ ఏలుబడిగా భావించి కొత్త కుక్కలను రానివ్వదు. ఆ గుంపును తొలగిస్తే వీధి ఖాళీ అవుతుంది గాని అక్కడి చెత్తకుప్ప ఖాళీ కాదు. ఆ తిండి కోసం పక్క వీధుల నుండి టీకా లేని, అలవాటు లేని కుక్కలు వచ్చి చేరతాయి. పోటీ తగ్గినందువల్ల కొత్తగా పుట్టిన కూనలు ఎక్కువగా బతుకుతాయి. కొద్దికాలానికే సంఖ్య యథాస్థితికి చేరుతుంది.

ఈ అనుభవం నుండే మరొక మార్గం రూపొందింది. మద్రాసులో 1959లో కెప్టెన్ వి. సుందరం స్థాపించిన బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా అనే స్వచ్ఛంద సంస్థ, కుక్కలను చంపడానికి బదులు వాటికి సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయాలని 1964 నుండి ప్రచారం చేసింది. సంస్థ నిర్వాహకులలో ఒకరైన చిన్ని కృష్ణ ఈ కార్యక్రమాన్ని 'యానిమల్ బర్త్ కంట్రోల్' అన్నారు. దాని పొడి అక్షరాలు ఏ.బి.సి. అక్షరమాల నేర్చినంత సులభమైన పని అని అధికారులకు నచ్చజెప్పడానికి కూడా ఆ పేరు ఉపకరించింది. పని సులభమే కావచ్చు గాని అంగీకారం సులభం కాలేదు. మద్రాసు నగరపాలక సంస్థ ఈ పద్ధతిని స్వీకరించడానికి 1996 వరకు, అంటే 32 సంవత్సరాలు పట్టింది. ఈ లోగా 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కుక్కల సంఖ్యా నియంత్రణకు మార్గదర్శక సూత్రాలను ప్రకటించింది. 2001లో కేంద్ర ప్రభుత్వం ఏ.బి.సి. పద్ధతికి దేశవ్యాప్తంగా నియమావళిని రూపొందించింది. 2023లో దాని స్థానంలో కొత్త నియమావళి అమలులోకి వచ్చింది. నగరపాలక సంస్థలతో పాటు పంచాయతీలకు కూడా ఇది ఈ బాధ్యతను అప్పగించింది.

ఈ పద్ధతిలో ఐదు దశలు ఉన్నాయి. మొదట ఒక ప్రాంతంలోని కుక్కలను లెక్కిస్తారు. తరువాత వాటిని గాయపరచకుండా వలలతో గాని చేతులతో గాని పట్టుకొంటారు. రోజూ తిండి పెట్టే ఇరుగుపొరుగువారు తోడు నిలిస్తే ఈ పని తేలికవుతుంది. మూడవ దశలో పశువైద్యులు మత్తుమందు ఇచ్చి శస్త్రచికిత్స చేస్తారు. ఆడకుక్కకు అండాశయాలను, గర్భాశయాన్ని తొలగిస్తారు. మగకుక్కకు వృషణాలను తీసివేస్తారు. ఆ సమయంలోనే రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి అంచును కొద్దిగా కత్తిరిస్తారు. నాలుగవ దశలో గాయం మానే దాకా ఆశ్రయంలో ఉంచి ఆహారం, మందులు ఇస్తారు. చివరగా పట్టుకొన్న చోటనే తిరిగి విడిచిపెడతారు. వీధిలో చెవి కత్తిరింపు ఉన్న కుక్క కనిపిస్తే దానికి శస్త్రచికిత్స జరిగినట్లు గుర్తించాలి. తిరిగి అక్కడికే తెచ్చి విడవడం ఎందుకని చాలామంది ప్రశ్నిస్తారు. టీకా వేసిన, సంతానం లేని ఆ కుక్క తన వీధిని కాపాడుకొంటూ కొత్త కుక్కలను రానివ్వదు. దానిని వేరే ఊరిలో వదిలితే ఇక్కడ ఖాళీ ఏర్పడుతుంది, అక్కడ కలహం పుడుతుంది.

ఈ కృషిలో స్వచ్ఛంద సేవకుల పాత్ర విశేషమైనది. హైదరాబాదులో 1992లో అమల అక్కినేని బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్‌ను స్థాపించారు. విశాఖపట్నంలో 1996లో ప్రదీప్ కుమార్ నాథ్ నెలకొల్పిన విశాఖ జంతు సంరక్షణ సంస్థ వీధికుక్కలకే కాక, సముద్రతీరాన గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ళకు కూడా అండగా నిలిచింది. నెదర్లాండ్స్ నుండి వచ్చి స్థిరపడిన క్లెమెంటీన్ పావ్స్ 2000లో పుట్టపర్తిలో 'కరుణ సొసైటీ'ని ప్రారంభించారు. మూగజీవి బాధకు భాషాభేదం, దేశభేదం లేవనడానికి రాయలసీమలో ఒక విదేశీ వనిత చేపట్టిన ఈ సేవ నిదర్శనం.

విదేశాలలోనూ ఇటువంటి ఉదాహరణలు కనిపిస్తాయి. థాయిలాండ్‌లోని ఫుకెట్ దీవిలో విశ్రాంత జీవితం గడపడానికి ఇంగ్లండు నుండి వచ్చిన జాన్, జిల్ డాలీ దంపతులు మరొక మిత్రురాలితో కలిసి 2003లో 'సోయ్ డాగ్ ఫౌండేషన్' స్థాపించారు. 'సోయ్' అంటే థాయ్ భాషలో సందు అని అర్థం. 2004లో నీటితో నిండిన పొలంలో ఒక కుక్కను పట్టబోయిన జిల్ డాలీకి తీవ్రమైన అంటువ్యాధి సోకి, రెండు కాళ్ళను మోకాళ్ళ కింద తొలగించవలసి వచ్చింది. ఆ ఏడాది చివర సునామీ వచ్చినప్పుడు ఆమె బాధితుల సేవలో పాల్గొన్నారు. తరువాత కృత్రిమ పాదాలతో నడుస్తూ 2017లో మరణించే వరకు ఈ కృషిని కొనసాగించారు. దక్షిణ అమెరికాకు చెందిన గలాపగోస్ దీవులలో ఊరకుక్కలు, పిల్లులు అక్కడి అరుదైన జీవులకు ముప్పుగా మారాయి. 2004లో ఏర్పడిన 'యానిమల్ బాలెన్స్' అనే సంస్థ స్వచ్ఛంద పశువైద్యులను ఆ దీవులకు తీసుకొనిపోయి తాత్కాలిక శిబిరాలలో శస్త్రచికిత్సలు చేయించింది.

అయితే సేవాభావం ఎంత గొప్పదైనా ఫలితాన్ని లెక్కతో పరీక్షించవలసిందే. జయపురంలో 'హెల్ప్ ఇన్ సఫరింగ్' అనే సంస్థ 1994 నవంబరు నుండి 2002 డిసెంబరు వరకు 24,986 కుక్కలకు శస్త్రచికిత్స, టీకాలు చేసింది. ఆ ప్రాంతంలోని ఆడకుక్కలలో 65 శాతానికి ఈ చికిత్స అందగా, కుక్కల సంఖ్య 28 శాతం తగ్గింది. ఆ ప్రాంతంలో మనుషుల రేబిస్ కేసులు కూడా లేకుండా పోయాయి. గోవాలో 2013లో ప్రారంభమైన 'మిషన్ రేబిస్' బృందాలు ఊరూరా తిరిగి ముఖ్యంగా టీకాల మీద దృష్టి పెట్టాయి. బడిపిల్లలకు కుక్కకాటు గురించి పాఠాలు చెప్పాయి. 2018 నుండి వరుసగా మూడేళ్ళు ఒక్క మానవ మరణమూ నమోదు కాకపోవడంతో 2021లో గోవాను రేబిస్ నియంత్రిత రాష్ట్రంగా ప్రకటించారు. భూటాన్ దేశం 2009లో మొదలుపెట్టిన కార్యక్రమంలో 14 ఏళ్ళలో లక్షన్నరకు పైగా కుక్కలకు శస్త్రచికిత్స చేయించింది. వీధికుక్కలన్నింటికీ ఈ చికిత్స పూర్తయిందని 2023లో ప్రకటించింది. 2021 తరువాత 'దే-సుంగ్' అనే ఆ దేశపు స్వచ్ఛంద సేవాదళం ఇందులో చేరడంతో పని వేగం పుంజుకొంది.

ఈ విజయాలలో సమానంగా కనిపించే అంశాలు రెండు. మొదటిది వ్యాప్తి. ఒక ప్రాంతంలో దాదాపు 70 శాతం కుక్కలకు టీకా అందితేనే రేబిస్ గొలుసు తెగుతుంది. సంతాన నియంత్రణలోనూ అధిక భాగానికి, అదీ తక్కువ కాలంలో, చికిత్స జరగాలి. పది కుక్కలలో మూడింటికి చేసి ఏడింటిని వదిలితే ఆ ఏడింటి సంతానం శ్రమనంతా వమ్ము చేస్తుంది. రెండవది నిరంతరత. ఒక వారం శిబిరం నడిపి, ఛాయాచిత్రాలు తీయించుకొని వెళ్ళిపోయే సేవ వల్ల కొన్ని కుక్కలకు మేలు జరగవచ్చు గాని ఊరికి మేలు జరగదు. బయటి నుండి వచ్చే సేవకులు స్థానిక పశువైద్యులకు, కార్మికులకు నైపుణ్యాన్ని నేర్పి వెళ్ళినప్పుడే ఆ మేలు నిలుస్తుంది.

ఈ పద్ధతికి పరిమితులు లేకపోలేదు. శస్త్రచికిత్స జరిగినంత మాత్రాన కుక్క కరవడం మానదు. దాని ఫలితం కనిపించడానికి ఏళ్ళు పడుతుంది. బిడ్డను కోల్పోయిన తల్లిదండ్రులను అన్నేళ్ళు ఓర్చుకొమ్మని చెప్పడం న్యాయం కాదు. ఈ సంఘర్షణే 2025లో సర్వోన్నత న్యాయస్థానం ముందుకు వచ్చింది. ఢిల్లీ పరిసరాలలోని వీధికుక్కలన్నింటినీ ఆశ్రయాలకు తరలించాలని ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆదేశించింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఉత్తర్వును సవరించింది. శస్త్రచికిత్స, టీకా పూర్తయిన కుక్కలను పట్టినచోటనే విడవాలని, రేబిస్ సోకినవాటిని, సోకినట్లు అనుమానం ఉన్నవాటిని, దూకుడు స్వభావం గలవాటిని మాత్రం విడవరాదని, తిండి పెట్టడానికి ప్రత్యేక స్థలాలు కేటాయించాలని పేర్కొంది. పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు స్టాండ్లు, రైల్వే స్టేషన్లు వంటి చోట్ల నుండి కుక్కలను తొలగించి ఆశ్రయాలకు చేర్చాలని, తిరిగి అక్కడ విడవరాదని నవంబరు 7న ఆదేశించింది. దయ, రక్షణ అనే రెండు ధర్మాల మధ్య సమతూకం ఎంత కష్టమైనదో ఈ ఉత్తర్వుల క్రమమే తెలుపుతోంది.

జన్వాడ వంటి గ్రామాలకు ఈ చర్చ నుండి కొన్ని ఆచరణీయ సూత్రాలు లభిస్తాయి. ముందుగా గ్రామంలో ఎన్ని కుక్కలున్నాయో, వాటిలో చెవి గుర్తు ఉన్నవి ఎన్నో లెక్కించాలి. పంచాయతీ, పశువైద్యశాల, స్వచ్ఛంద సంస్థ కలిసి ఒక్క ఊరికి కాక చుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ ఒకే కాలంలో కార్యక్రమం చేపట్టాలి. మాంసపు వ్యర్థాలను, విందులలో మిగిలిన ఆహారాన్ని ఆరుబయట పారవేయకుండా కట్టడి చేయాలి. పెంపుడు కుక్కలకు టీకాలు వేయించడం, వద్దనుకొన్న కూనలను పొలాల్లో వదలకుండా ముందే శస్త్రచికిత్స చేయించడం యజమానుల బాధ్యత. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రేబిస్ టీకా ఎల్లవేళలా దొరికేటట్లు చూడటం ప్రభుత్వ బాధ్యత.

ఇందులో విద్యార్థులకూ భాగముంది. కుక్క కరిస్తే గాయానికి సున్నమో, కారమో, ఆకుపసరో పెట్టి కాలయాపన చేయడం ప్రాణాంతకం. వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. వైద్యులు చెప్పిన తేదీలలో టీకాలన్నీ పూర్తి చేసుకోవాలి. వ్యాధి లక్షణాలు బయటపడిన తరువాత చేయగలిగేది దాదాపు ఏమీ లేదు. సుశ్రుతుడు చెప్పిన ఆ మాట నేటికీ మారలేదు. అయితే లక్షణాలు కనిపించకముందే అడ్డుకొనే టీకాను 1885లో లూయీ పాశ్చర్ లోకానికి అందించాడు. ఈ విషయాన్ని చదువురాని ఒక్క ఇంటికి చేరవేసినా ఒక ప్రాణం నిలిచే అవకాశం ఉంది.

వీధికుక్కను చూసి కర్ర ఎత్తడం ఎంత సులభమో, ఒక బిస్కెట్టు విసిరి తృప్తిపడటం కూడా అంతే సులభం. రెండింటిలోనూ లోపించేది ఆలోచన. సరమ ఆనాడు రాజుకు గుర్తుచేసినది కేవలం జాలిని కాదు, యుక్తాయుక్త విచారణను. తిండి పెట్టే చేయి టీకా వేయించడానికి కూడా ముందుకు రావాలి. పిల్లల క్షేమం కోసం కుక్కలను తొలగించమని కోరే గొంతు చెత్తకుప్పలను తొలగించమని కూడా అడగాలి. అప్పుడే వీధిలో బిడ్డకూ భయముండదు, కుక్కకూ బాధ ఉండదు.

అర్థాలు

సారమేయం = కుక్క (సరమ సంతానం)
దేవశుని = దేవతల ఆడకుక్క
యుక్తాయుక్తాలు = తగినవి, తగనివి
పార్శ్వం = పక్క, వైపు
వాఙ్మయం = సాహిత్యం
ఏలుబడి = అధికారం కింద ఉన్న చోటు
వమ్ము = వ్యర్థం
కాలయాపన = కాలం గడపడం

అభ్యాసం

1. సరమ వృత్తాంతాన్ని తెలిపి, ఈ పాఠంలోని విషయంతో దానికి గల సంబంధాన్ని వివరించండి.
2. వీధికుక్కలను చంపడం వల్ల వాటి సంఖ్య ఎందుకు తగ్గదు?
3. ఏ.బి.సి. పద్ధతిలోని దశలను క్రమంగా రాయండి.
4. జయపురం, గోవా, భూటాన్ అనుభవాల నుండి ఏమి గ్రహించవచ్చు?
5. మీ ఊరిలో ఇటువంటి కార్యక్రమం చేపట్టమని కోరుతూ పంచాయతీ లేదా పురపాలక సంఘం అధికారికి లేఖ రాయండి.